అన్నమునకు వెఱచు బాలికలు

ఆడుపిల్ల తక్కువ తినుట గుణమనియు, కడుపార తినుట అపగుణమనియు మన యిండ్లలో నొక నమ్మకము పాతుకొని యున్నది. కొడుకు రెండవమాఱు అన్నమడిగిన తల్లి మురియును. కూతురడిగిన ఆ తల్లియే పిల్ల నడుమువంక చూచును. ఈ చూపునుండియే నా వాదము మొదలగుచున్నది. పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల ప్రాయపు బాలికలలో కొందఱు అన్నమును చూచి భయపడుచున్నారు. కొందఱు భుజించి, రహస్యముగా వాంతి చేసికొనుచున్నారు. మఱికొందఱు దుఃఖము కలిగినప్పుడెల్ల ఆకలి లేకున్నను చాటుగా మితిమీఱి తిని, పిదప తమ్ము తామే అసహ్యించుకొనుచున్నారు. ఇది పొగరు కాదు, వ్రతము కాదు, నాగరకత కాదు. ఇది వ్యాధి. దీని యడుగున భయమును విషాదమును కలవు. ఆ భయమునకు మేత వేయువారిలో ఇంటివారమే ముందున్నాము. ఈ మాట పాఠకులకు రుచింపకపోవచ్చును. రుచించునట్లు చెప్పుటకు నాకును ఇష్టము లేదు.

ఇది పాశ్చాత్యుల రోగమనియు, కలవారి బిడ్డల వినోదమనియు కొట్టివేయువారు పెక్కుమంది కలరు. పేరు పెట్టినది పాశ్చాత్యులే, కాదనను. 1873లో పారిసున లాసేగు, లండనులో విలియం గల్ అను వైద్యులు వేఱువేఱుగా దీనిని వర్ణించిరి. గల్ పెట్టిన అనొరెక్సియా నెర్వోసా యను పేరే నేటికిని నిలిచియున్నది. తిని కక్కుకొను రూపమునకు 1979లో జెరాల్డ్ రస్సెల్ బులీమియా నెర్వోసా యని పేరు పెట్టెను. కాని పేరు పుట్టిన చోటనే రోగము పుట్టినదనుట, మలేరియా యను మాట ఇటలీభాషనుండి వచ్చినది గనుక మన్యపు జ్వరము మనది కాదనుట వంటిది. మన ఆయుర్వేదగ్రంథములు అరోచకమను రోగమును చెప్పునపుడు వాతపిత్తకఫములతో పాటు శోకమును, భయమును, క్రోధమును కూడ కారణములుగా లెక్కించినవి. మనస్సు కలగినచో నోట అన్నము దిగదని చరకుని కాలమువారికే తెలియును. సెల్‌ఫోనులో సమస్తమును తెలిసికొను మనకే ఇది తెలియకున్నది.

అయితే ఒక్క విషయమున పాశ్చాత్యుల పుస్తకము మనకు పూర్తిగా సరిపడదు. దానిని గుర్తింపక పోవుటవలననే మన బిడ్డల రోగము వైద్యుల కంటికి సయితము దాటిపోవుచున్నది. వారి వర్ణనలో రోగి అద్దమునెదుట నిలిచి, ఎముకలు కనబడుచున్నను తాను లావుగా నున్నానని యేడ్చును. మన బాలిక అట్లనదు. 1995లో ఢిల్లీ వైద్యులు అయిదుగురు యువతుల సంగతి ప్రకటించిరి. వారు తినుట మానిరి, వాంతులు చేసికొనుచుండిరి, బరువు మిక్కిలి కోల్పోయిరి, ముట్టు నిలిచిపోయినది. కాని తమ దేహము లావుగా నున్నదను భ్రమ వారియందు కానరాలేదు. హాంకాంగులో సింగ్ లీ అను వైద్యుడు 1993లో వ్రాసిన 70 మంది రోగులలోను సగమునకు మించినవారు లావగుదుమను భయము చెప్పలేదు. కడుపు ఉబ్బినదనియు, ఆకలి లేదనియు మాత్రమే చెప్పిరి. కావున మా ప్రాంతపు పల్లెబాలిక "కడుపుల మంటగుంటది సార్, ముద్ద దిగుతలేదు" అన్నప్పుడు, లావును గూర్చి ఆమె మాటాడలేదు గదా, ఇది ఆ రోగము కాదని తేల్చివేయుట పొరపాటు. ఇంటివారు మొదట గ్యాసు గోలీలు తెత్తురు. పిదప ఊరి ఆరెంపీ సెలైను ఎక్కించును. అప్పటికిని తినకున్న దిష్టి తీయింతురు, గాలి సోకెనని తాయెత్తు కట్టింతురు. ఇన్ని జరుగునంతలో సంవత్సరము గడచును. పిల్ల బట్టలు వదులగుచున్నట్లు అందఱును చూతురు. పిల్ల యెందులకు భయపడుచున్నదో అడుగువా డొక్కడును ఉండడు.

భయమనగా ఏమి? పరీక్షల భయము, పెండ్లి భయము, తండ్రి కోపపు భయము, తోటివారు నవ్వుదురను భయము, ఎదుగుచున్న తన దేహమును గూర్చి ఎవరితోను చెప్పుకొనలేని సిగ్గు. ఆమె చేతిలో ఏదియు లేదు. ఏ కాలేజీలో చేరవలెనో, ఏ గ్రూపు చదువవలెనో, ఎన్నడు పెండ్లియాడవలెనో పెద్దలే నిర్ణయింతురు. ఆమె యిచ్ఛకు లోబడియున్నది ఒక్కటే, నోరు. దానిని మూయుట తెఱచుట మాత్రమే ఆమె వశము. ముద్ద మానిననాడు మనసులోని గోల ఒకింత అణగినట్లుండును. ఆ యుపశమనమే మఱునాడు మఱియొక ముద్ద మానిపించును. ఇది నా యూహ మాత్రము గాదు. 2004లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధనలో ఇట్టి రోగులలో ఇంచుమించు మూడింట రెండువంతుల మందికి జీవితకాలమున ఏదో యొక ఆందోళనవ్యాధి కలిగియున్నట్లు తేలినది. వారిలో పెక్కుమందికి ఆ యాందోళన బాల్యముననే, అనగా తిండిరోగమునకు ముందే, పొడసూపినది. తిండిరోగము కనబడక మునుపే చదువుల బల్లపై గోళ్లు కొఱుకుకొనుచు కూర్చున్న పిల్లను మనము ‘బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకొనుచున్నాము.

విషాదము సంగతి ఇంతకంటె చిత్రమైనది. కుంగిపోయిన మనస్సు అన్నము మానిపించునని అందఱికిని తెలియును. అన్నము మానుటయే మనస్సును కుంగదీయునని ఎందఱికి తెలియును? 1944–45లో, రెండవ ప్రపంచయుద్ధ కాలమున, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను పరీక్షించెను. దేహమునను మనస్సునను దృఢులైనవారినే యెన్నుకొని, ఆరునెలల పాటు వారి తిండిని ఇంచుమించు సగమునకు తగ్గించెను. వారందఱును పురుషులు. అద్దపు బెంగ గాని, పెండ్లి బెంగ గాని లేనివారు. అయినను కొలది నెలలలోనే వారు దిగులుపడిరి, చీటికిమాటికి చికాకుపడిరి, స్నేహితులకు దూరముగా మూలలు పట్టిరి. ఎల్లవేళల తిండినే తలపోయుచు వంటపుస్తకములు చదువుచుండిరి. ఎదుట నున్న కొంచెపు భోజనమును గంటల కొలది కెలుకుచు కూర్చుండిరి. పరీక్ష ముగిసిన పిమ్మట కొందఱు తినుట మొదలిడి ఆపుకొనలేకపోయిరి. ఇంటిల్లిపాదికిని వండిపెట్టి తాను ముట్టని పిల్లను, సద్దుల బతుకమ్మనాడు మలీద ముద్దలు తన చేతనే కట్టి పంచి, ఒక్క తునుకయు నోట వేసికొనని పిల్లను మీరెఱుగుదురా? ఆ యువకుల కథ ఆమె కథయే. భయము తిండిని మాన్పును, మానిన తిండి విషాదమును తెచ్చును, విషాదము మరల భయమును పెంచును. గానుగెద్దు వలె బిడ్డ ఆ వలయముననే తిరుగుచుండగా, మనము గట్టుమీద నిలిచి "మొండిది" అని పేరు పెట్టుచున్నాము.

ఇక నోటిదురుసు సంగతి. మన భాషలో లావుగా నున్న ఆడుపిల్లకు ఎన్ని పేర్లు! బస్తా, బొండము, గుమ్మి, డ్రమ్ము. సన్నగా నున్నచో పుల్ల, కట్టె, బక్కది. నడిమిదానికి మెప్పు పేరు ఒక్కటైనను లేదు. అమ్మమ్మలు, మేనత్తలు, పెండ్లికి వచ్చిన దూరపు చుట్టములు, కుశలప్రశ్నకు బదులుగా బిడ్డ దేహమును తూచుచున్నారు. "పిల్ల దొడ్డుగైతాంది, ఎవడు చేసుకుంటడే?" అను మాటను ప్రేమతోనే అందురు. ఆ ప్రేమ ఆ పిల్లకు రాత్రి నిద్రపట్టనీయదు. పెండ్లిచూపులనాడు నడిపించి, కూర్చుండబెట్టి, పాడించి చూచుటను వీరేశలింగము పంతులుగారి కాలమునుండియు మనవారు గర్హించుచునే యున్నారు. నేడు పాటపాడింపరు. ఎత్తును, బరువును, రంగును బయోడేటాలో వ్రాయుమందురు, నిలువెత్తు ఫొటో పంపుమందురు. సంస్కారము ముందుకు నడచినదని సంతోషింపవలసినదే కాబోలు!

సంస్కృతము చదువుకొన్నవాడను గనుక మా కవులను వదలిపెట్టుట న్యాయము కాదు. నడుము ఉన్నదా లేదా యని శంకించుటయే వర్ణనకు పరాకాష్ఠ యనుకొన్నవారు వారు. మన ఛందస్సులో నొక వృత్తమునకే తనుమధ్య యని పేరు. కాని కవి చెప్పిన నడుమును ఏ యింటి పిల్లయు టేపుతో కొలుచుకొనలేదు. నేటి తెర అట్లు గాదు. 2015లో మన తెలుగు తెరపై సైజ్ జీరో యను చిత్రము వచ్చెను. లావైన యువతి కథ యది. బరువు తగ్గింతుమని చెప్పి జనులను మోసగించు వ్యాపారమును అది ఎండగట్టెను. ఆ పాత్రకై అనుష్క బరువు పెరిగినది లోకమంతయు చెప్పుకొన్నది. ఆ యేటనే, జూను నెలలో, తెలుగువారి అభిమానము చూఱగొన్న నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో మరణించినది. ఆమె వయస్సు 31 యేండ్లు. అంతకు కొలదివారముల ముందు ఆమె కొవ్వు తీయు శస్త్రచికిత్స చేయించుకొన్నట్లు పత్రికలు వ్రాసినవి. మరణమునకు కారణమేదో తేల్చుట నా పని గాదు. మెచ్చిన జనమే లావైనదని నవ్వగా, ఒక యువతి కత్తిక్రింద పండుకొనవలసిన దుఃస్థితి ఎవరు కల్పించిరో అడుగుట మాత్రము నా పనియే. ఆ చిత్రమునకు చప్పట్లు కొట్టి వచ్చిన మన యింటనే మఱునాడు ఉదయము పిల్లతో "రెండో దోసె వద్దులే" అంటిమి.

ఇవన్నియు పట్టణపు ముచ్చటలని యనుకొనవలదు. ఇబ్రహీంపట్నము ఒకప్పుడు చెఱువుకే ప్రసిద్ధి. ఇప్పుడు సాగరు రోడ్డు పొడవున ఇంజనీరింగు కాలేజీలు, వాటినడుమ బరువు తగ్గించు కేంద్రముల ప్రకటనలు. తండాలనుండి, గూడెములనుండి బస్సులో వచ్చు బాలికయు ఆ పలకలను చదువుచునే వచ్చును. ఆమె చేతిలోని తెర యింకను చిన్నది, ఇంకను దగ్గఱిది. బొమ్మకు ఇంతటి బలమున్నదా యని శంకించువారికి ఫిజీద్వీపముల కథ చెప్పెదను. 1903 మొదలు మన తెలుగువారు మద్రాసు ఓడ యెక్కి గిర్మిటు కూలీలుగా పోయిన దేశమది. ఆ ద్వీపపు మూలవాసులలో నిండైన దేహమే అందము, కడుపునిండ పెట్టుటయే ఆదరము. ఆ దేశమున నొక ప్రాంతమునకు టెలివిజను 1995లో వచ్చినది. అమెరికా వైద్యురాలు ఆన్ బెకర్ అప్పుడొకమాఱు, మూడేండ్లకు 1998లో మఱొకమాఱు అక్కడి మూలవాసుల బాలికలను ప్రశ్నించినది. మొదట బరువు తగ్గుటకై వాంతి చేసికొనువా రొక్కరును లేరు. మూడేండ్లకు నూటికి 11 మంది చేసికొనుచున్నట్లు చెప్పిరి. నూటికి 74 మంది తాము మిక్కిలి లావని తలచుచుండిరి. వందలయేండ్ల మర్యాద మూడేండ్లలో తిరుగబడినది! అది ఇంటికొక పెట్టె యున్న నాటి మాట. ఇప్పుడు మనిషికొక పెట్టె. 2025 మార్చిలో కేరళలోని కణ్ణూరు జిల్లాకు చెందిన పదునెనిమిదేండ్ల బాలిక ఇంటర్నెట్టులో చూచిన పథ్యమును పట్టుకొని, నెలల తరబడి తిండి మాని మరణించినదని పత్రికలు చెప్పినవి.

ఉపవాసములను గూర్చి వ్రాయకున్న ఈ వ్యాసము పిరికిది యగును. భక్తిని నిందించుట నా యుద్దేశము గాదు. పెద్దలు ఏకాదశి చేయుదురు, రోజా ఉందురు, లెంటు పాటింతురు. ఆ నియమముల కన్నిటికిని ముగింపుపొద్దు ఉన్నది. పారణ ఉన్నది, ఇఫ్తారు ఉన్నది. రోగికి పారణ లేదు. శనివారము ఒంటిపూట యని మొదలిడి, సోమవారము చేర్చి, గురువారము చేర్చి, వారమంతయు వ్రతమైన పిల్లను మనము "ఎంత భక్తి" అని పొగడుచున్నాము. ఆ పొగడ్తయే రోగమునకు ముసుగగుచున్నది. 2016లో సికింద్రాబాదులో పదమూడేండ్ల బాలిక యొకతె రెండు నెలలకు మించి ఉపవాసము చేసి మరణించినది. ఆమె రోగి యని నేననను. ఆమె మనస్సు నేనెఱుగను. ఆ రెండు నెలలలో ఎందఱో పెద్దలు ఆ యింటికి పోయి నమస్కరించి వచ్చిరి గాని, గంజి త్రాగించి రాలేదు. నేను చెప్పునది ఆ పెద్దలను గూర్చి. వారు ఒక కులమువారు గారు, ఒక మతమువారు గారు, మనమే. ఆకులు సయితము మాని తపస్సు చేసినందున పార్వతికి అపర్ణ యను పేరు వచ్చినదని పురాణము విప్పిన ప్రతివాడును చెప్పును. ఆమెకే ఉమ యను పేరెట్లు వచ్చినదో కాళిదాసు చెప్పినాడు. వద్దు బిడ్డా యని తల్లి మేన వారించిన మాటనుండియే యా పేరు పుట్టినది. మనవారు అపర్ణకు హారతి పట్టుదురు. మేనాదేవి మాట యెవరికిని జ్ఞాపకము లేదు.

"తినుటకు లేక చచ్చువా రుండగా, తిననివారి గోల యేల?" అని మిత్రు డొకడు నన్ను గద్దించెను. తూకపు ప్రశ్న యది, తీసివేయరాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులని తేలినది. సగమునకు మించి! కాని ఈ రెండును వేఱువేఱు ఇండ్లలో లేవు. రక్తములేని పిల్లయే తిండి మానినచో, ఆమెకు కొలదికాలముననే కండ్లు తిరుగును, గుండె నడక మందగించును, ముట్టు నిలుచును. మాటిమాటికి కక్కుకొను బాలిక దంతములు అరుగును, రక్తములోని పొటాషియము పడిపోయి గుండె హఠాత్తుగా నిలిచిపోవచ్చును. మానసికవ్యాధులలో అనొరెక్సియాకు మించి ప్రాణము తీయునవి మిక్కిలి తక్కువ. మఱియు నొక సంగతి. బిడ్డలకు ఆఖరున మిగిలినది తిను తల్లిని చూచి కూతురేమి నేర్చుకొనును? ఆడుదాని ఆకలి లెక్కలోనిది కాదని నేర్చుకొనును. లేమి నేర్పిన పాఠమును కలిమి మాన్పలేదు.

ఏమి చేయవలెనని అడుగుదురు. ఏమి చేయరాదో నూటయేబది యేండ్లక్రిందట లాసేగే వ్రాసినాడు. ఇంటివారికి తెలిసినవి రెండే ఉపాయములనియు, అవి బతిమాలుట, బెదిరించుట యనియు, ఆ రెండును వాడివాడి అరగదీయుదురనియు ఆయన గమనించెను. మన యిండ్లలో నేటికిని ఆ రెండే. తల్లి కాళ్లు పట్టుకొనును, తండ్రి కంచము విసరును. 1980ల నాటికి లండనులోని మాడ్‌స్లీ వైద్యశాలవారు మూడవ త్రోవ చూపిరి. తల్లిదండ్రులను దోషులుగా నిలువబెట్టక, రోగమునకు ఎదురుగా వారిని సైన్యముగా నిలువబెట్టుటయే ఆ త్రోవ. అన్నమే మొదటి మందు. దానిని వేళకు, కొలతకు, కోపము లేక, కన్నీరు లేక పెట్టుట పెద్దల పని. పక్కన కూర్చుండి తామును తినుట పెద్దల పని. బిడ్డ యేడ్చినను, తిట్టినను, ఆ మాట రోగము పలికించుచున్నదని యెఱిగి లేవకుండుట పెద్దల పని. పదునెనిమిదేండ్లలోపు మొదలై, మూడేండ్లు నిండని రోగమునకు ఈ చికిత్స ఎక్కువగా ఫలించినట్లు 1987లోనే వారు ప్రకటించిరి. ఆలస్యము విషమనుట ఇందువలననే. అయితే బహుదినములు ఎండిన దేహమునకు ఒక్కమాఱుగా విందు పెట్టుటయు ప్రాణాపాయమే. మిక్కిలి చిక్కిపోయిన బిడ్డను, మూర్ఛపోవుచున్న బిడ్డను ముందు ఆసుపత్రికి చేర్చి, వైద్యుని కొలత ప్రకారము పెట్టవలెను. మనోవైద్యుడనగానే "మా పిల్ల పిచ్చిదా?" అని ఉలికిపడువారి కొఱకు ఎఱ్ఱగడ్డ దారి చూపనక్కఱ లేదు. 2022 అక్టోబరునుండి కేంద్రప్రభుత్వమువారి టెలిమానస్ అను సహాయమున్నది. 14416 అను నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే మాటాడుదురు, వెల లేదు. చుట్టములకు తెలియదు. ఆ చివరి మాట విని ధైర్యము తెచ్చుకొను తల్లిదండ్రులే ఎక్కువమంది కాబోలు.

బడులవంతు మిగిలినది. ఆరోగ్యపరీక్ష నాడు పిల్లలను వరుసగా నిలిపి, తూకపుయంత్రము నెక్కించి, అంకెను గట్టిగా చదువుట మన పాఠశాలలలో వాడుక. ఒకడు చదువును, ఒకడు వ్రాయును, నలుబదిమంది విందురు. అర్ధగంటలో ఆ అంకె ఆ పిల్లకు పేరుగా మాఱును. ఆ మధ్యాహ్నము మా వరండాలో కంచములు కడుగు వేళ, తినని అన్నము ఏ తరగతివారి కంచములలో మిగిలినదో వంటమనిషి చూపి చెప్పగలదు. మాలో నెవరును అడుగలేదు. అంకెను పైకి చదువవలదని, తెఱచాటున తూచి పుస్తకమున వ్రాసికొని, తగ్గుచున్న బరువును మాత్రము తల్లికి ఒంటరిగా చెప్పవలెనని ప్రతి బడి ఉపాధ్యాయసభయు తీర్మానము చేయుటకు ఏ ఉత్తరువును అక్కఱ లేదు, ఒక్క పైసయు ఖర్చు లేదు. వచ్చు ఆరోగ్యపరీక్షకు ముందే ఇది జరుగవలెను. అడ్డుచెప్పు ఉపాధ్యాయుడెవ్వడైన నున్నచో, మొదట తానే ఆ యంత్రమెక్కి, తరగతి వినునట్లు తన అంకెను చదివించుకొనును గాక.